నడిచి వచ్చే పంట

దూరం నుంచి చూసినంతసేపూ పలాశగిరి పెళ్ళికూతురిలా ఉంది. కొండ నడుము చుట్టూ మోదుగవనం ఎర్రపట్టు చీర కట్టినట్టు విరగబూసింది. దానిపైన లక్కశాల ప్రాకారం పగడాల పేరులా మెలికలు తిరిగింది. సింహద్వారానికి అటూ ఇటూ నిలువెత్తు లక్కబొమ్మలు ఒక చేత అద్దమూ ఒక చేత చామరమూ పట్టుకుని, మధ్యాహ్నపు ఎండలో కెంపుల్లా మెరుస్తున్నాయి. ఆ దారిన పోయే బాటసారులు ఆగి చేతులు జోడించేవారట, గాలి తిరిగేదాకా.

గాలి తిరిగింది.

"అమ్మో!" అంటూ బుడ్డన రెండు చేతులా ముక్కు మూసుకున్నాడు. "దూరపు కొండలు నునుపని ఊరికే అన్నారా దొరా! ఇదేం కంపండీ? కుళ్ళిన చేపను నెత్తురులో నానేసి, పైన పాకం పోసినట్టుంది."

"దొరా అనకు. సెట్టిగారూ అను," అన్నాడు సుకేతుడు, తల తిప్పకుండానే.

సుకేతుడు కల్హార దేశపు యువరాజు. ఈ పూట మాత్రం సముద్రతీరం నుంచి వచ్చిన గాజుల వర్తకుడు సింగరి సెట్టి. బుడ్డన అంతఃపురంలో వంటవాడు, ఈ పూట సెట్టిగారి మూట మోసే నౌకరు. ఇద్దరూ ఇంత దూరం వచ్చింది సుకేతుడి చెల్లెలు తరళ కోసం.

తరళ ముక్కు రాజధానిలో పేరుపొందిన ముక్కు. సుకేతుడు గుర్రపుశాలలోంచి వస్తుంటే వసారా చివరి నుంచే, "ఛీ అన్నయ్యా, ఏమిటీ కంపు? స్నానం చేసి రా!" అని కేక పెట్టేది. అటువంటి పిల్లకు పెళ్ళి కుదిరింది. ఎవరో గాజులవాడు కోట వాకిట్లోకి వచ్చి, పెళ్ళికూతురికి కానుక అని చెప్పి, రెండు చేతులకూ లక్కగాజులు తొడిగి వెళ్ళాడు. వాటి అందం చూడటానికి ఊరంతా కదిలింది. కొద్దిరోజులకే గాజులు బిగిశాయి. వాటి కింద నుంచి ఎర్రని గరుకు పొర ఒకటి మొదలై మోచేతికేసి పాకింది. కోయబోతే నెత్తురు వచ్చింది. కాచబోతే చర్మం బొబ్బలెక్కింది. తరళ మాత్రం నొప్పి అనలేదు, నవ్వుతూనే ఉంది. ఒకరోజు ఆమె మంచం వెనక ఎలుక చచ్చి కుళ్ళింది. చెలికత్తెలు కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకుని పారిపోయారు. తరళ ఆ గదిలోనే, ఆ మంచం మీదే కూర్చుని, చిరునవ్వుతో జడ అల్లుకుంటోంది. అది చూసిన రోజున సుకేతుడికి మొదటిసారి భయం వేసింది.

"చేసినవాడికే విప్పడం తెలుస్తుంది నాయనా," అన్నాడు ముసలి రాజవైద్యుడు. "ఇది పలాశగిరి లక్క. అక్కడికి వెళ్ళి దీన్ని ఎలా చేస్తారో చూసి రా. విప్పే ఉపాయం అందులోనే ఉంటుంది. పొర గొంతు దాకా వెళ్ళేలోగా రా."

ఎలా చేస్తారో చూడటం సుకేతుడికి చిన్ననాటి నుంచీ ఉన్న జబ్బు. తాళం కనబడితే ఊడదీసేవాడు. గడియారపు నీటిగిన్నెకు చిల్లు ఎలా వేశారని కంచరివాళ్ళ వెంట తిరిగేవాడు. యువరాజుకు ఈ గొడవలెందుకని తండ్రి కసురుకునేవాడు. ఇప్పుడా గొడవే పనికివచ్చింది.

ద్వారం దగ్గర కావలివాడు ఈటె అడ్డం పెట్టాడు. అతని మెడ మీద మట్టి చారలు కట్టింది. జుట్టు అట్టలు కట్టింది.

"బట్టలు విప్పండి."

"ఇక్కడేనా? నలుగురిలోనా?" అన్నాడు బుడ్డన.

"ఉతికిన గుడ్డ ఈ గడప దాటకూడదు. లోపల ఉన్నంతకాలం స్నానం లేదు, చాకిరేవు మాట లేదు. లక్కతల్లికి ఉతికిన గుడ్డ మైల. ఉతకనిదే మడి."

"మా ఊళ్ళో దీన్ని తిరగేసి చెప్తారండీ."

"మీ ఊళ్ళో లక్క ఉడుకుతుందా?"

"ఉడకదు."

"అయితే నోర్మూసుకుని ఇవి కట్టుకో."

కావలివాడు విసిరిన బట్టలు నేల మీద పడి అప్పడాల్లా పెళపెళమన్నాయి. ఎందరి చెమట తాగాయో, ఎన్నేళ్ళుగా నీళ్ళ మొహం చూడలేదో తెలియదు. మెడ దగ్గర జిడ్డు వేలితో గీకితే వచ్చేంత మందాన ఉంది. సుకేతుడు ఊపిరి బిగబట్టి తొడుక్కున్నాడు. బుడ్డన తలుపు చాటుకు వెళ్ళి చాలాసేపటికి వచ్చాడు. వచ్చినప్పటి నుంచీ నడుము గోక్కుంటూనే ఉన్నాడు.

"ఏమిట్రా ఆ గోకుడు?" అన్నాడు సుకేతుడు మెల్లగా.

"ఏం లేదు సెట్టిగారూ. పొద్దున ఏటి ఎగువన చాకిరేవులో నా తుండుగుడ్డ చాకళ్ళు మురికి వదలగొట్టే చవుడు నీళ్ళలో నానేశానా? మీరు తొందర పెట్టారు. జాడించకుండానే పిండి మొలకు చుట్టుకున్నాను. ఆ చవుడు మండుతోంది. ఈ పీనుగుబట్టలు ఒంటికి తగలకుండా అదొక్కటీ లోపల ఉంచుకున్నాను. మీరు చూడనట్టే ఉండండి."

"దొరికితే ఇద్దరి ప్రాణాలూ పోతాయి."

"అది లేకపోతే నా ప్రాణం ఇక్కడే పోతుంది."

అంతలో శాల యజమాని జతుముఖుడే ఎదురు వచ్చాడు. ఘోరమైన మాంత్రికుడని దేశమంతా వణికే మనిషి చూడటానికి పెళ్ళిళ్ళ పేరయ్యలా ఉన్నాడు. బొజ్జ, చెవులకు కుండలాలు, ఆప్యాయమైన నవ్వు. ముఖం మాత్రం లక్క పూసి తోమినట్టు నిగనిగలాడుతోంది. నవ్వినా, మాట్లాడినా దాని మీద ఒక్క ముడుత పడలేదు.

"రండి సెట్టిగారూ, రండి! కావలివాడు విసిగించాడా? ఏం చేస్తాం, ఆచారం," అన్నాడు. "అందరూ గాజులు చూస్తారండీ. గాజు వెనకాల ఉన్న పని చూస్తామని అడిగినవారు మీరే. చూపించుకోలేని పనితనం మూగవాడి కల వంటిది కదా!"

సుకేతుడికి ఈ మనిషిని అసహ్యించుకోవాలని ఉంది. కాని కాళ్ళు అతని వెంట ఆత్రంగా నడిచాయి. తెలుసుకోవాలనే ఆశకు సిగ్గు ఉండదు.

మొదటి శాలలో ఎర్రపొర కట్టిన కొమ్మలు గుట్టలుగా పోసి ఉన్నాయి. పనివాళ్ళు వరసగా కూర్చుని, మొండికత్తులతో పొర గీకి రాల్చుతున్నారు. ఆ పొరలో గసగసాలంత పురుగులు లక్షోపలక్షలుగా చచ్చి అతుక్కుని ఉన్నాయి. కొన్ని ఇంకా చావలేదు. గీకిన చోట నుంచి ఎర్రని రసం కారి పనివాళ్ళ మోచేతుల దాకా పాకింది. ఈగలు వాళ్ళ కళ్ళ కొసలలో, ముక్కుల మీద వాలుతున్నాయి. ఒక్కరూ తోలుకోవడం లేదు. అందరి పెదవుల మీదా అదే నవ్వు.

తరళ నవ్వు.

"పురుగు కొమ్మను పట్టి రసం పీలుస్తుంది. పీల్చిన రసాన్ని తన చుట్టూ ఇల్లుగా కట్టుకుంటుంది. ఆ ఇల్లే లక్క," అని జతుముఖుడు ఒక పుల్ల ఏరి సుకేతుడి చేతిలో పెట్టాడు. "పరీక్షించండి. మీరు వర్తకులు, మీకు చెప్పాలా?"

గాజుల వర్తకులు లక్కను పంటితో కొరికి చూస్తారని సుకేతుడికి తెలుసు. వెనక్కి తగ్గితే వేషం బయటపడుతుంది. పుల్లను నోటి దగ్గర పెట్టుకుని కొరికాడు. ఉప్పగా, వగరుగా ఏదో నాలుకకు తగిలింది. నవ్వుతూ తల ఊపి, మచ్చుకోసమన్నట్టు పుల్లను మొలలో దోపుకున్నాడు.

రెండో శాల ఆరుబయట ఉంది. నేలలోకి తవ్విన రాతితొట్లలో గీకిన లక్కను పోసి, నీళ్ళు పట్టి, మనుషులు మోకాటి లోతున నిలబడి తొక్కుతున్నారు. నీళ్ళు నెత్తురులా ఎర్రగా ఉన్నాయి. పైన మందంగా నురుగు కట్టి, ఆ నురుగులో తెల్లపురుగులు మెలికలు తిరుగుతున్నాయి. అక్కడి గాలిని పీలిస్తే గొంతులో జిడ్డు దిగుతోంది. తొక్కేవాళ్ళ కాళ్ళు పుండ్లు పడి చివికిపోయాయి. ఆ మురుగంతా ఒక తూములోంచి గోడ కింద నుంచి బయటి ఏటిలోకి పోతోంది.

"నీళ్ళు తేటపడేదాకా తొక్కాలండి," అన్నాడు జతుముఖుడు. "మొదట్లో వాసన అంటారు. నాలుగు రోజులు పోతే ఎవరికీ తెలియదు."

"నాకు పుట్టింది మొదలు అన్నీ తెలుస్తున్నాయండి," అని గొణిగాడు బుడ్డన. అతని ముఖం అరటాకులా పాలిపోయింది.

మూడో శాల నిప్పుల శాల. అక్కడ సుకేతుడు తనను తాను మరిచిపోయాడు. కడిగి ఆరబెట్టిన లక్కగింజలను గొట్టంలా కుట్టిన పొడవాటి గుడ్డసంచీలో కూరారు. ఒకడు సంచీ కొసను పట్టి మెలిపెడుతుంటే, రెండోవాడు రెండో కొసను నిప్పుల ముందు పట్టుకున్నాడు. మెలి బిగిసేకొద్దీ సంచీ ఒళ్ళంతా కరిగిన లక్క చీమిడిలా ఉబికి వచ్చింది. దాన్ని తాటాకుతో గీకి, వేడినీళ్ళు నింపిన నున్నని గుండిగ మీద పలచగా పూశారు. అది పచ్చిగా ఉండగానే ఒకడు ఒడుపుగా ఊడదీసి, పై అంచును పళ్ళతో కరిచి, ప్రక్కలు రెండు చేతులతో, కింది అంచు కాలివేళ్ళతో పట్టి, ఒళ్ళు విరుచుకుంటున్నట్టు నిలువునా సాగదీశాడు. ముద్ద రేకయింది. రేకు అద్దమయింది. దానిలోంచి అవతలి నిప్పులు పూలతోటలా కనిపించాయి.

"ఆహా!" అన్నాడు సుకేతుడు, ప్రయత్నం లేకుండానే. "మెలి ఎంత బిగించాలో ఎలా తెలుస్తుంది? గుండిగ మరీ వేడైతే?"

"మరీ వేడైతే కారిపోతుంది, చల్లారితే పగిలిపోతుంది. భలే పట్టారు సెట్టిగారూ!" అని మాంత్రికుడు మురిసిపోయాడు. ఆ మురిపెం చూసి సుకేతుడికి తన ప్రశ్న మీదే రోత పుట్టింది.

రేకు సాగదీసినవాడు దాన్ని దింపి ఇటు తిరిగాడు. ఏళ్ళ తరబడి పళ్ళతో పట్టడం వల్ల లక్క పెదవుల మీద పొరలు పొరలుగా పేరుకుని, నోరు ఒక పక్కగా అతుక్కుపోయింది. చొంగ, లక్క కలిసి గడ్డం మీద తీగలుగా గడ్డకట్టాయి. దాని మీద ఈగలు ముసిరాయి.

బుడ్డన వంటవాడు. మూతి తుడుచుకోని మనిషిని చూస్తే చేతులు ఊరుకోవు. జతుముఖుడు రేకును ఎండకు పట్టి వెనుదిరిగి నిలబడ్డాడో లేదో, మొలలోంచి చెమటకు తడిసి ముద్దయిన తుండుగుడ్డ లాగి, "ఇదేం అవతారమయ్యా నాయనా," అని ఆ పనివాడి మూతి అదిమి తుడిచాడు.

లక్క కరిగింది. నిప్పు లేకుండానే వంగపండు రంగుగా మారి నీళ్ళలా జారింది. అతుక్కున్న పెదవులు విడిపోయాయి. పనివాడి నవ్వు చెరిగిపోయింది. అతను ముక్కుపుటాలు విప్పి ఒక్కసారి ఊపిరి పీల్చి, కళ్ళు పెద్దవి చేసి, కడుపు పట్టుకుని భళ్ళున వాంతి చేసుకున్నాడు.

ఆ ఒక్క క్షణంలో సుకేతుడికి అంతా అర్థమైంది. ఉతికిన గుడ్డ మైల ఎందుకైందో, చాకిరేవు మాట ఎందుకు ఎత్తకూడదో, ఇందరు మనుషులు ఇంత మురికిలో ఎందుకు కుళ్ళుతున్నారో తెలిసింది. ఇదంతా తల్లి ఆచారం కాదు. లక్కకు చవుడు మృత్యువు. రోత తెలియకపోవడమే ఆ మాయ. రోత తెలిసిందంటే మనిషి తిరిగి వచ్చినట్టే.

"ఏమిటా చప్పుడు?" అన్నాడు మాంత్రికుడు తిరగకుండానే.

"మావాడికి పైత్యమండి," అన్నాడు సుకేతుడు. చప్పున కాలు జాపి నేల మీది వంగపండు రంగు మడుగును తొక్కి కప్పేశాడు. బుడ్డన గుడ్డ దాచేశాడు. వాంతి చేసుకున్నవాడు చేతులతో నోరు మూసుకుని, ఏమీ జరగనట్టు సంచీల గుట్ట వెనక్కి జారుకున్నాడు. తెలివిగలవాడే.

గాజుల శాల దాటారు. అక్కడ కూర్చున్నవాళ్ళు రేకును మళ్ళీ కరిగించి, కడ్డీలుగా చేసి, వంచి, అతుకు మీద నాలుకతో ఉమ్మి తడి చేసి నునుపు పెడుతున్నారు. బంగారు రేకులు, అద్దపు ముక్కలు పొదిగిన ఆ గాజులు ఇంద్రధనుస్సును ముక్కలు చేసి పోసినట్టున్నాయి. తరళ చేతి గాజులూ ఇటువంటి ఉమ్మితోనే తయారయ్యాయని తోచి సుకేతుడు ముఖం తిప్పుకున్నాడు.

"ఇంత శ్రమపడి చేసి, ఊరికే పంచిపెడతారట కదా?" అని అడిగాడు.

జతుముఖుడు ఆగాడు. ఆ నిగనిగల ముఖం మొదటిసారి దగ్గరగా వచ్చింది.

"సెట్టిగారూ, రైతు విత్తనం అమ్ముకుంటాడా? మీ దేశంలో నాటవలసినవారు మీరు. నాటేవాడికి పంట తెలియాలి. రండి."

వెనక తలుపు తీశాడు. దూరం నుంచి పెళ్ళిచీరలా కనిపించిన మోదుగవనం అదే.

దగ్గరికి వెళితే అవి పూలు కావు. చెట్లూ కావు. వరసలు వరసలుగా ఆడవాళ్ళు నేలలోకి పాదాలు దిగి, చేతులు పైకెత్తి నిలబడి ఉన్నారు. ఎర్రపొర పాదం నుంచి నడినెత్తి దాకా కమ్మింది. ఎత్తిన చేతుల వేళ్ళు సాగి, చీలి, కొమ్మలుగా విచ్చుకున్నాయి. పనివాళ్ళు నిచ్చెనలేసుకుని ఆ కొనలను కత్తిరించి గంపల్లో వేస్తున్నారు. ప్రతి చేతికీ మణికట్టు దగ్గర ఇంకా అందంగా, రంగు చెదరకుండా లక్కగాజులు ఉన్నాయి.

"గాజులోనే పురుగు పిల్లలుంటాయి. చేతికి తొడిగితే కొమ్మకు విత్తనం కట్టినట్టే," అన్నాడు మాంత్రికుడు మెత్తగా. "పొర గొంతు దాటిందంటే ఇక ఎంత దూరాన ఉన్నా మన శాల గంట వినబడుతుంది. పొర ఉన్నంతకాలం కాళ్ళు మన మాటే వింటాయి. ఎవరూ కోసి మోసుకురానక్కర్లేదు. పంట తనంతట తనే నడిచి వస్తుంది. కోసినకొద్దీ చిగురిస్తుంది. నొప్పి లేదు, వాసన లేదు. నవ్వుతున్నారు, చూడండి."

సుకేతుడి చేయి తనకు తెలియకుండానే మొల దగ్గరికి వెళ్ళింది. మచ్చుకని దోపుకున్న పుల్లను తీసి చూశాడు. పొర రాలిన చోట రెండు కణుపులు. వాటి మధ్య ఉంగరం ఒత్తుకున్న గుర్తు. దాని పక్కన తన పంటిగాటు.

నోట్లోకి వచ్చినదాన్ని మింగాడు. ఎదుట పాతుకుని ఉన్న ఆడమనిషి లక్క కింద కనుపాప మెల్లగా కదిలి అతనికేసి చూసింది. సుకేతుడు వంగి ఆ పుల్లను ఆమె పాదాల దగ్గర పెట్టాడు. చేతులు జోడించే తీరిక దొరకలేదు.

"సెట్టిగారూ," అంటున్నాడు జతుముఖుడు. అతను నేలకేసి చూస్తున్నాడు. గాజుల శాల నుంచి వనం దాకా లక్కపొడి మీద సుకేతుడి కుడిపాదం ముద్రలు వరసగా, వంగపండు రంగులో మెరుస్తున్నాయి. "మీ నౌకరు మొలలో ఉన్నదేమిటో నేనూ చూడవచ్చా?"

"పారిపో!" అని అరిచాడు సుకేతుడు.

మాంత్రికుడు వేళ్ళు విదిలించాడు. కొనల నుంచి కరిగిన లక్క తీగలు పాముల్లా బుస్సుమంటూ వచ్చి సుకేతుడి వీపున అంటుకున్నాయి. చొక్కా చర్రున కాలింది. అతను భుజాలు విదిల్చి ఆ జిడ్డుచొక్కాలోంచి పాము కుబుసం విడిచినట్టు బయటికి జారాడు. చొక్కా తీగలకు వేలాడుతూ ఉండిపోయింది. నిప్పుల శాలలో వాళ్ళు కాగుతున్న సంచీలు గిరగిర తిప్పుతూ అడ్డం వచ్చారు, నవ్వుతూనే. సుకేతుడు వేడినీళ్ళ గుండిగను కాలితో తన్నాడు. అది పొయ్యి మీద బోర్లా పడి, శాలంతా ఆవిరి కమ్మింది. ఆ ఆవిరిలో వంటవాడు ముందు, యువరాజు వెనక, తొక్కుడు తొట్ల దగ్గరికి పరుగెత్తారు. సింహద్వారం మూసుకుంటున్న చప్పుడు వినబడింది.

"తూములోకి దూకు!"

బుడ్డన తొట్టి అంచున నిలబడిపోయాడు. నురుగులో తెల్లపురుగులు నాట్యం చేస్తున్నాయి. "దొరా, నన్ను ఇక్కడే చంపమనండి. కత్తితో చస్తాను. అందులో మాత్రం దిగను."

"గుడ్డ ఇలా ఇయ్యి. ముక్కు మూసుకో."

గుడ్డ లాక్కుని అతన్ని ఒక్క తోపు తోశాడు. తనూ దూకాడు. మోకాళ్ళ మీద పాకుతుంటే గొంతు దాకా వచ్చే ఎర్రని కుళ్ళు, మనిషి ఇరుక్కునేంత ఇరుకు తూము, మొహానికి మెత్తగా తగిలి జారిపోయే ముద్దలు. గుడ్డ ఆ నీళ్ళలో పడితే చవుడంతా పోతుంది. సుకేతుడు దాన్ని పళ్ళతో కరిచిపట్టి, తల పైకెత్తి, రెండు చేతులతో గోడలు తోసుకుంటూ పోయాడు, లక్కరేకు పట్టినవాడిలాగే. చవుడు నాలుకను కాల్చింది. ఆ మంటే మేలనిపించింది. తక్కిన రుచులు తెలియలేదు.

వెలుతురు కనబడింది. ఇద్దరూ గోడ అవతల ఏటి ఒడ్డున బురదలో పడ్డారు. ఎదురుగా అడవి. పొద్దున తాము కట్టేసి వచ్చిన గుర్రాలు చెవులు నిక్కించాయి. ఎక్కితే సాయంత్రానికి కొండ దాటిపోవచ్చు.

లక్కశాలలో గంట మోగింది.

కొండదారిన ఆడవాళ్ళు, ఎన్నో రోజులుగా నడుస్తున్నట్టు కాళ్ళనిండా దుమ్ముతో, వరసగా నడిచి వస్తున్నారు. అందరికీ చేతుల నుంచి గొంతు దాకా ఎర్రపొర, పెదవుల మీద ఒకటే నవ్వు. ఒకామె చేతికి అంటుకుపోయిన తలుపు గడియ వేలాడుతోంది. ఇంకొకామె పైటకు ఊయలతాడు ఈడ్చుకొస్తోంది. ఆపబోయినదల్లా అంటుకుపోయి వెంట వచ్చింది. వరస ముందు నడుస్తున్నామె భుజానికి ఈటె ఒకటి అంటుకుని నేలను గీరుతోంది. దాని పిడికి కల్హార దేశపు కలువ గుర్తు ఉంది.

"తరళా!"

ఆమె ఆగలేదు. సుకేతుడు ఆమె పక్కన వెనక్కి నడుస్తూ, గుడ్డను అరచేతికి చుట్టుకుని ఆమె గొంతు మీద అదిమాడు. వంగపండు రంగు ధార మెడ నుంచి కారింది. కుడి భుజం తుడిచాడు. మోచేయి తుడిచాడు. పొర జారుతుంటే కింద పాలిపోయిన తెల్లని చర్మం కనిపించింది. గాజులు మెత్తబడి, ఒక్కొక్కటే దుమ్ములో పడ్డాయి. వేళ్ళు కదిలాయి. ఆ వేళ్ళు వెచ్చగా ఉన్నాయి. అతను వాటిని వదలకుండా పట్టుకున్నాడు.

తరళ నవ్వు ఆగిపోయింది. కనుబొమలు దగ్గరికి వచ్చాయి. ముక్కు ముడుచుకుంది.

"ఛీ! అన్నయ్యా, ఏమిటీ కంపు?"

కల్హార యువరాజు ఏటి ఒడ్డున, పురుగులు అంటిన ఒంటితో, పిల్లవాడిలా ఏడుస్తూ నవ్వాడు. ఇంత మంచిమాట అతను పుట్టాక వినలేదు.

"స్నానం చేస్తానమ్మా. రా, పోదాం. గుర్రాలున్నాయి."

"రాలేను." ఆమె తన పాదాలకేసి చూసుకుంది. "అన్నయ్యా, నా కాళ్ళు ఆగట్లేదు."

ఎడమ చేయి ఇంకా భుజం దాకా ఎర్రగానే ఉంది. ఆ చేతి గాజులు ఎండలో మెరిశాయి. గంట మళ్ళీ మోగింది. తరళ కళ్ళనిండా భయంతో, ముక్కు ముడుచుకుని, సింహద్వారంకేసి మరో అడుగు వేసింది. సుకేతుడు గుడ్డతో ఎడమ మోచేయి రుద్దాడు. పొర కదలలేదు. మళ్ళీ రుద్దాడు.

"దొరా," అన్నాడు బుడ్డన. "గుడ్డ ఆరిపోయింది."

"ఏరు ఉంది కదా!"

"ఆ నీళ్ళలో ముంచితే ఉన్న కాస్త చవుడూ కొట్టుకుపోతుంది దొరా. చాకిరేవుకు వెళ్ళి రావాలంటే పొద్దు పోతుంది."

సింహద్వారం కిర్రుమని తెరుచుకోవడం మొదలైంది. నడుమ నిగనిగలాడే ముఖమొకటి ఆప్యాయంగా ఎదురుచూస్తోంది.

సుకేతుడు చేతిలోని గుడ్డను చూశాడు. కుళ్ళునీళ్ళ చారలు, లక్క, పరాయివాడి చొంగ, చెమట. ఒక పురుగు దాని అంచున ఇంకా కదులుతోంది. దాన్ని వేలితో విదిల్చి, గుడ్డను ముద్దగా చుట్టి, నోట్లో కుక్కుకుని నమలసాగాడు. గుడ్డ మళ్ళీ తడిసేలా ఉమ్మి ఊరేదాకా నమలాలి. చవుడు మళ్ళీ నాలుక మీద భగ్గుమంది.

"దొరా!" అని కేక పెట్టాడు బుడ్డన. "అది నా మొలగుడ్డ!"

"ఛీ అన్నయ్యా!" అంది తరళ, కన్నీళ్ళతో.

సుకేతుడు మాట్లాడే స్థితిలో లేడు. ఒక చేత్తో చెల్లెలి వెచ్చని చేయి పట్టుకుని, దవడలు ఆడిస్తూ, ఆమె అడుగుతో అడుగు కలిపి, తెరిచిన ఆ తలుపులకేసి నడిచాడు.